పదుగురి సొమ్ముతో వైద్యము: ఖర్చు, గుణము

రైతు అప్పులపాలగుటకు పంట చెడుట యొక్కటే కారణమని మనము సాధారణముగా చెప్పుకొనుచుందుము. పి.గన్నవరము పరిసర గ్రామములలో తిరుగుచు మేము రైతుల జమాఖర్చులు వ్రాయించిన చోట్లనెల్ల రెండవ కారణ మొకటి కనబడుచున్నది. అది జబ్బు. ఎరువులకని సంఘమునందు తీసికొన్న ఋణములో కొంత భాగము ఆస్పత్రి బిల్లునకు పోవుచున్నది. కొబ్బరితోట ఫలసాయమును ముందుగానే వర్తకునకు వ్రాసియిచ్చి, ఆ సొమ్ముతో తండ్రికి గుండె ఆపరేషను చేయించిన కుటుంబములు మన సభ్యులలోనే గలవు. పంట నష్టమైనచో మఱుసటి కారునకు కోలుకొనవచ్చును. తోట తాకట్టునకు పోయినచో రెండు మూడేండ్లు గడచినను కోలుకొనుట కష్టము.

ఇట్టి స్థితిలో సభ్యులు కొందఱు మమ్మొక ప్రశ్న అడుగుచున్నారు. విత్తనములకు, ఎరువులకు, ఋణములకు సంఘము పెట్టుకొన్న మనము వైద్యమునకు మాత్రము ఏల పెట్టుకొనరాదు? లాభము కోరని నిధి యొకటి యేర్పఱచుకొన్నచో తక్కువ ఖర్చుతో మంచి వైద్యము లభింపదా?

వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరునకు వైద్యముతో నేమి పని యని పాఠకు లనుకొనవచ్చును. మేము రోగములను గూర్చి వ్రాయుట లేదు. ఎకరమునకు పెట్టుబడి యెంత, దిగుబడి యెంత, పెట్టుబడిని ఎచ్చట తగ్గించినను దిగుబడి తగ్గకుండును, ఎచ్చట తగ్గించినచో వెంటనే తగ్గును అని చూచుటయే మా వృత్తి. వైద్యనిధులను నడుపువారికి గల చిక్కు సరిగా ఇదియే. లాభము కోరనంత మాత్రమున ఖర్చు తగ్గదు. లాభము లేకున్నను వైద్యునకు జీతము, దాదులకు జీతము, మందులు, విద్యుచ్ఛక్తి, పరికరములు, అన్నియు కొనవలసినవే. ధర్మసంస్థ యనుటచేత మందుల కంపెనీవాడు ఊరక ఇచ్చునా?

మొదట పదుగురి సొమ్ము కలుపుటవలన మేలు ఎట్లు కలుగునో చూతము. అయిదువందల కుటుంబములు గల సంఘమొకటి కుటుంబమునకు 300 రూపాయల చొప్పున చందా వసూలు చేసినదనుకొందము. నిధి 1,50,000 రూపాయలగును. ఆపరేషను ఒక్కింటికి 50,000 రూపాయలని వేసికొన్నచో మూడింటికి చాలును. ఒక యేడు ఒక్కటే రావచ్చును. మఱుసటి యేడు ఆరు రావచ్చును. నాలుగవ రోగి వచ్చిన నాడు కార్యదర్శి ఏమి చెప్పగలడు? చందా కట్టిన మనిషికి లేదని చెప్పుట యెట్లు? పది లక్షల కుటుంబములు చేరినచో ఈ ఎగుడుదిగుడులు చదునగును. ఒక చేని దిగుబడి ఏటేటికి ఎంతో మారును గాని జిల్లా సగటు అంతగా మారదు. పంటకోత ప్రయోగములు చూచినవారెల్లరును ఈ సంగతి నెఱుగుదురు. కావున వైద్యనిధికి మొదటి బలము దయ కాదు, సంఖ్య.

ఈ సంఖ్యాబలమును సహకార సంఘముల ద్వారా కూడగట్టిన ప్రయత్నము పొరుగు రాష్ట్రమున జరిగినది. కర్ణాటకమున 2003 జూన్ నెలలో ‘యశస్విని’ యను పథకము అమలులోనికి వచ్చెను. హృదయ శస్త్రవైద్యుడు డాక్టరు దేవీ శెట్టి దానికి ప్రేరకుడు. ఆ రాష్ట్ర సహకార శాఖవారు పూనికతో నడిపించిరి. నెలకు అయిదు రూపాయలు, అనగా ఏడాదికి 60 రూపాయలు చందా. ఊరి సంఘములో సభ్యుడై యుండవలెను. ఆపరేషను అవసరమైనచో జాబితాలో చేరిన ఆస్పత్రికి పోయి, సొమ్ము చెల్లింపకయే చేయించుకొనవచ్చును. ఆస్పత్రికి యశస్విని ట్రస్టు చెల్లించును. ప్రభుత్వము కూడ కొంత కలిపెను.

ఇంత తక్కువ చందాతో ఎట్లు సాగినది? ఇందులో మన రైసుమిల్లుల సూత్రమే గలదు. మిల్లు సగము దినములు ఊరక నిలిచియుండినను అద్దె, వడ్డీ, మనుష్యుల జీతములు నిలువవు. ఆస్పత్రులలో ఆపరేషను గదులు, పడకలు ఎన్నో ఖాళీగా నుండుచుండెను. ఖాళీగా నుంచుటకంటె తక్కువ ధరకు పని చేయుట మేలని ఆస్పత్రులవారు ఒప్పుకొనిరి. పైగా నిధి ఆపరేషనులకే పరిమితమై యుండెను. జ్వరములకు, దగ్గులకు, నెలనెలా వాడు మందులకు చెల్లింపదు. ఇల్లు గుల్లచేయు ఖర్చును నిధి మోయును, చిల్లర ఖర్చును సభ్యుడు మోయును అని వారు గీత గీసికొనిరి.

తరువాత జరిగినది మన సభ్యులు శ్రద్ధతో గమనింపవలెను. మొదటి సంవత్సరము సుమారు 16 లక్షల మంది చేరిరి. రెండవ సంవత్సరము 20 లక్షలు దాటిరి. ఖర్చులు పెరిగి, మూడవ సంవత్సరము పెద్దవారి చందాను 120 రూపాయలకు పెంపగా, సభ్యుల సంఖ్య 15 లక్షల లోపునకు దిగెను. ఇట్టి సమయమున మానుకొనువా రెవరు? ఆరోగ్యముగా నున్నవారు. ‘పోయిన రెండేండ్లు ఊరకనే కట్టితిమి గదా’ యని వారే వెడలిపోవుదురు. హెర్నియా యున్నవాడు, గుండెనొప్పి యున్నవాడు మానడు. కట్టువారు తగ్గి, తీసికొనువారు నిలిచినచో మరల చందా పెంపవలసి వచ్చును. మరల కొందఱు మానుదురు. వైద్యనిధుల నన్నిటిని తినివేయు వేరుపురుగు ఇదియే. యశస్విని 2018లో ప్రభుత్వపు ఆరోగ్య పథకమునందు లీనమైనది. 2022లో మరల ప్రారంభించిరి. అప్పుడు గ్రామీణ సభ్యులకు నలుగురున్న కుటుంబమునకు 500 రూపాయల చందాగా, ఏడాదికి అయిదు లక్షల రూపాయల వఱకు వైద్యము చేయించు నిబంధనతో ఏర్పాటు చేసిరి. ఒకని పేరు మాత్రము వ్రాయించుటకు వీలులేక కుటుంబమంతయు చేరవలెననుట పైన చెప్పిన పురుగునకు మందు.

మన రాష్ట్రమున వేఱొక మార్గము తొక్కిరి. 2007 ఏప్రిల్ 1వ తేదీన మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమై, 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటను వ్యాపించెను. ఇందు చందా లేదు. పన్నుల సొమ్ముతో ట్రస్టు నడుపును. తరువాత పేరు ఎన్‌టీఆర్ వైద్యసేవ యని, డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ యని, 2024లో మరల డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ యని మారినది. పేరులు మారినను లోపలి యంత్రము మాత్రము మొదటిదే.

ఆ యంత్రమునకు మూడు కళ్ళెములు గలవు. ఒకటి కట్టుధర. ఫలానా ఆపరేషనునకు మందులు, పడక, భోజనము, వైద్యుని ప్రతిఫలము అన్నియు కలిపి ఇంత యని ముందే నిర్ణయింతురు. రెండవది ముందు అనుమతి. అత్యవసరము కానిచో, పరీక్షల కాగితములు పంపి, ట్రస్టు వైద్యులు సరే యన్న తరువాతనే ఆస్పత్రి కత్తి పట్టవలెను. మూడవది జాబితా. అర్హత గల ఆస్పత్రులనే చేర్చుకొని, తప్పు చేసినవారిని తొలగింతురు. లాభమునకు గాని, ధర్మమునకు గాని, లోకమున పదుగురి సొమ్ముతో వైద్యము నడుపువారెల్లరును ఈ కళ్ళెములనే వాడుచున్నారు. అమెరికాలో పెద్ద పెద్ద ధర్మసంస్థలు సైతము ఇట్లే చేయుచున్నవి. వానిపై అక్కడి రోగుల ఫిర్యాదులును మనవారి ఫిర్యాదులవంటివే: అనుమతి ఆలస్యమైనదనియు, కావలసిన వైద్యుడు జాబితాలో లేడనియు.

కట్టుధరను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. బిల్లు ఎంతయైన అంత చెల్లింతుమన్నచో, ఆస్పత్రి అవసరము లేని పరీక్షలు చేయింపవచ్చును. కట్టుధర యిచ్చినచో ఆ యావ పోవును. కాని వేఱొక యావ పుట్టును. అయిదు దినములు ఉంచవలసిన రోగిని మూడు దినములకే పంపివేసినచో మిగులు హెచ్చు. మంచి దారమునకు బదులు చౌక దారముతో కుట్టినను ధర అదియే. మఱియు ధర గిట్టుబాటగు ఆపరేషనులు విరివిగా పెరుగును, గిట్టుబాటు కానివి వేఱొక ఆస్పత్రికి పొమ్మందురు.

పెరిగినవానిలో మిక్కిలి దుఃఖకరమైనది స్త్రీల గర్భసంచి తొలగించు ఆపరేషను. మన పల్లెలలో చిన్న వయసు స్త్రీలకు, మందులతో పోవు బాధలకు సైతము, ‘తీసివేయుదము, పిల్లలు కలిగిరి గదా’ యని చేసిన సందర్భములు ఎన్నో బయటపడెను. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషను చేరిన తరువాత అలజడి రేగి, 2011 ప్రాంతమున ప్రభుత్వము దీనిని మఱి కొన్ని చికిత్సలతో కూడ ప్రభుత్వాస్పత్రులకే పరిమితము చేసెను. ముప్పది యేండ్ల లోపు గర్భసంచి పోయిన స్త్రీకి ఎముకలు త్వరగా డొల్లబారుట, నడుము నొప్పి మొదలగునవి వచ్చు అవకాశము హెచ్చు, అండాశయములను కూడ తీసివేసినచో మఱింత హెచ్చు. నాట్లు వేయుటకు వంగలేని కూలి స్త్రీకి ఉచిత వైద్యమని పేరు, నష్టము జీవితాంతము. ఇచ్చట ఖర్చును తగ్గించుటయు గుణమును కాపాడుటయు వేఱుకాదు. చేయకూడని ఆపరేషను చేయకుండుటయే రెండును.

ధర మఱీ తక్కువగా కట్టినను కీడే. దీనిని కోనసీమ రైతులకు ఎవరును బోధింపనక్కఱలేదు. 2011 సార్వాలో మన ప్రాంతమున వేలకొలది ఎకరములు ఊడ్వక పంటవిరామము ప్రకటించితిమి. పెట్టుబడి పెరిగినది, మద్దతుధర చాలలేదు, పండించిన కొలది నష్టమని మానితిమి. మోహన్ కందాగారి సంఘము వచ్చి విచారించినది. ధాన్యమునకు ఏ న్యాయమో ఆస్పత్రికిని ఆ న్యాయమే. చికిత్సకగు నిజమైన ఖర్చుకంటె కట్టుధర తక్కువైనచో, మంచి ఆస్పత్రి ఆ చికిత్సకు విరామము ప్రకటించును. చెడ్డ ఆస్పత్రి విరామము ప్రకటింపదు, గుణములో కోసికొనును. రెండవది ఎక్కువ ప్రమాదము, ఏలయన అది కనబడదు. ధర సరియైనదైనను చెల్లింపు ఆలస్యమైనచో ఫలితమొక్కటే. ధాన్యము తోలి నెలలు గడచినను సొమ్ము రాని రైతునకు మనసెట్లుండునో మనమెఱుగుదుము. 2024, 2025 సంవత్సరములలో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులవారు మన రాష్ట్రమున ఉచిత సేవలను నిలుపుచేసిన సందర్భములు గలవు. అప్పుడు దెబ్బతిన్నది ప్రభుత్వమును కాదు, ఆస్పత్రియు కాదు.

ఇంతవఱకు చెప్పినది సొమ్ము చెల్లించువాని వైపు నుండి ఖర్చును అదుపు చేయుట. పని చేయువాని వైపు నుండి ఖర్చును తగ్గించిన ధర్మసంస్థలు కొన్ని గలవు. వీనియందు మాకు ఎక్కువ ఆసక్తి, ఏలయన ఇది సేద్యపు పద్ధతులను మార్చుటవంటిది. 1976లో మధురలో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి పదకొండు పడకలతో అరవింద కంటి ఆస్పత్రిని స్థాపించెను. 1987లో హైదరాబాదున డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థను స్థాపించెను. చలనచిత్ర ప్రముఖుడు ఎల్.వి. ప్రసాద్ దానికి అయిదెకరముల భూమియు, కోటి రూపాయలును ఇచ్చెను. ఈ రెండింటిలోను చెల్లింపగలవారు చెల్లింతురు, లేనివారికి ఉచితము. ఉచితముగా చేయించుకొన్నవారు సగమువఱకును అంతకు మించియు ఉందురు. గదులలో భేదము గలదు గాని కత్తిలో భేదము లేదు.

ఇది వట్టి దానధర్మముతో సాగినది కాదు. అరవింద ఆస్పత్రిలో శస్త్రవైద్యుని ప్రక్కన రెండు బల్లలుండును. ఒక బల్లపై శుక్లము తీయుచుండగా, రెండవ బల్లపై వేఱొక రోగిని దాదులు సిద్ధము చేయుదురు. వైద్యుడు ఇటు ముగించి అటు తిరుగును. అతని చేయి ఊరక నిలువదు. కన్ను కొలుచుట, చుక్కలు వేయుట, కట్టు కట్టుట మొదలగు పనులకు పల్లెటూరి బాలికలను తెచ్చి రెండేండ్లు శిక్షణ యిత్తురు. శుక్లము తీసిన కంటిలో అమర్చు కటకము విదేశములనుండి రావలసినంత కాలము అది పేదవానికి అందని వస్తువై యుండెను. 1992లో ఆ సంస్థవారే ఆరోల్యాబు అను కర్మాగారమును పెట్టి, సుమారు పదవ వంతు ధరకే తయారుచేసిరి. మఱి గుణము సంగతియో? ఏ వైద్యుని చేతిలో ఏ రోగికి ఏ చిక్కు వచ్చినదో పుస్తకమున వ్రాసి, వైద్యునివారీగా లెక్క తీసి చూచుకొందురు. వేగము పెంచినవాడు ఈ లెక్క వ్రాయకపోయినచో మాత్రము అతనిని నమ్మరాదు.

ఎల్.వి. ప్రసాద్ సంస్థ చేసిన పని వేఱు. సుమారు ఏబదివేల జనాభాకు ఒక చిన్న దృష్టి కేంద్రము, అందు ఆ ప్రాంతపు యువతీయువకులు ఒక యేడు శిక్షణ పొంది కూర్చుందురు. అద్దములతో పోవునది అక్కడనే పోవును. కానిదానిని పైమెట్టునకు, అనగా తాలూకా స్థాయి ఆస్పత్రికి పంపుదురు. అక్కడను కానిది విశాఖపట్టణము, విజయవాడ, భువనేశ్వరము, హైదరాబాదులకు పోవును. ప్రధాన కాలువ, ఉపకాలువ, పంటబోదె యను మన డెల్టా కట్టడివలెనే ఇదియును. బోదెతో తడియు చేనికి ప్రధాన కాలువను తెగగొట్టనేల? కండ్లజోడు కొఱకు పల్లెవాడు హైదరాబాదు పోయినచో అతనికి రెండు దినముల కూలియు పోవును, అచ్చటి పెద్దవైద్యుని సమయమును పోవును. దారి ఖర్చును వైద్యపు ఖర్చులో చేర్చి చూచువారు తక్కువ. 2022 జూలై వరదలలో లంకగ్రామములనుండి రోగులను పడవలపై దాటించిన మనకు ఆ ఖర్చు ఏమో తెలియును.

అయితే కంటి ఆస్పత్రులను చూపి అన్ని జబ్బులకు ఇట్లే చేయవచ్చునని కొందఱు ఉపన్యాసకులు చెప్పుచుందురు. మేము దీనితో ఏకీభవింపము. శుక్లము ఊడ్పువంటిది. వరుసలు కట్టి, చేతులు అలవాటుపడి, ఒకేవిధముగా వేయి మార్లు చేయవచ్చును. ఇరువది నిముషములలో ముగియును, ఫలితము మఱునాడే కనబడును. మధుమేహము, రక్తపోటు అట్టివి కావు. అవి కొబ్బరిచెట్టు పెంపకమువంటివి. నెలనెలా చూడవలెను, ఏండ్లతరబడి చూడవలెను, ఫలితము కనబడదు. కనబడకపోవుటయే ఫలితము. రోగితో పది నిముషములు కూర్చుండి, మందు ఏల మానితివని అడుగు వైద్యుని సమయమును వేగపఱచుటకు యంత్రము లేదు.

మఱియు మన నిధుల పొరపాటంతయు ఇందే యున్నదని మా యభిప్రాయము. రక్తపోటు మాత్రకు నెలకు కొన్ని పదుల రూపాయలు చాలును. ఆ మాత్ర మ్రింగనివానికి మూత్రపిండములు చెడినచో వారమునకు రెండు మూడు మార్లు రక్తశుద్ధి చేయవలసి వచ్చును. యశస్విని గాని ఆరోగ్యశ్రీ గాని పెద్ద ఆపరేషనులతోనే మొదలైనవి. మాత్ర ఖర్చు సభ్యునిది, రక్తశుద్ధి ఖర్చు నిధిది. చేనిగట్టు గండికి పిడికెడు మన్ను వేయుట మా పని కాదని, వరద వచ్చిన తరువాత ఇసుకబస్తాలు కొనుటవంటిది. ఖర్చును తగ్గింపదలచిన నిధి మొదట ఇచ్చటనే కొంచెము ఎక్కువ ఖర్చు పెట్టవలెను.

ఎచ్చట కోసినను నష్టము రాని ఖర్చులును గలవు. మందులలో కంపెనీ పేరునకు చెల్లించు సొమ్ము మొదటిది. గుండె రక్తనాళములో అమర్చు స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము హద్దు పెట్టెను. మందుపూత గల స్టెంటునకు 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260 రూపాయలు. అంతకుముందు అదే వస్తువునకు లక్షకు పైబడి వసూలు చేసిన ఆస్పత్రులుండెను. ఆ తేడా వైద్యగుణములోనిది కాదు. కోయరానివి కూడ చెప్పుదుము: పనిముట్లను ఉడికించి శుద్ధిచేయుట, రాత్రి కాపలాకు చాలినంతమంది దాదులు, మత్తుమందు ఇచ్చువాని అనుభవము. లెక్కలు చూచు గుమాస్తాకు ఇవి పెద్దవిగా కనబడును, కాన మొదట వీనిమీదనే అతని చేయి పడును.

ఇక సభ్యుల ప్రశ్నకు మా సమాధానము. మూడు నాలుగు వందల కుటుంబములున్న గ్రామసంఘము తానుగా వైద్యనిధి పెట్టరాదు. రెండు పెద్ద రోగములతో అది మునుగును, దానితో సంఘముపై నమ్మకమును మునుగును. జిల్లా, రాష్ట్ర స్థాయిలో సంఘములన్నియు కలిసి యశస్విని వంటిది పెట్టినచో అప్పుడు చేరవలెను, కుటుంబములు మొత్తముగా చేరవలెను. ఆ నిధి చందా ఎంత యని అడుగుటకు ముందు, ఆస్పత్రులకు ఎన్ని దినములలో చెల్లించుననియు, అనుమతి నిరాకరించినచో ఎవరికి మొఱపెట్టుకొనవలెననియు, ఒక వైద్యుడు చెప్పిన ఆపరేషనునకు రెండవ వైద్యుని యభిప్రాయము తీసికొనుటకు ఎవరు చెల్లింతురనియు అడుగవలెను. ముఖ్యముగా ఆడువారి ఆపరేషనుల విషయమున ఈ చివరి ప్రశ్న అడిగి తీరవలెను.

గ్రామసంఘము చేయదగిన పని యొకటి వేఱుగా గలదు. 2023లో కేంద్రప్రభుత్వము ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములు జన్ ఔషధి దుకాణములు పెట్టుకొనుటకు అనుమతించినది. ఇచ్చట కంపెనీ పేరు లేని మందులు అమ్ముదురు. ధరలు 50 నుండి 90 శాతము వఱకు తక్కువ యని ప్రభుత్వము చెప్పుచున్నది. ఎరువులు అమ్మిన అనుభవముగల సంఘమునకు నిలువ పట్టిక వ్రాయుట క్రొత్త కాదు. 120 చదరపు అడుగుల గదియు, ఫార్మసీ చదివిన మనిషియు, మందుల లైసెన్సును కావలెను. ఇన్సులిను ఉంచుటకు శీతలపెట్టె యుండవలెను, కరెంటు పోయిన దినములకు ఏర్పాటు ఉండవలెను. అమ్మకము చాలనిచో ఫార్మసిస్టు జీతము మీదపడును, కావున ఒక్క గ్రామముకంటె నాలుగు గ్రామములు కలిసి పెట్టుట మంచిది.

రాబోవు మహాజనసభలో ఈ విషయమును పెట్టదలచిన సంఘములవారు, తమ సభ్యకుటుంబములలో మధుమేహము, రక్తపోటు మందులు వాడువారెందఱో, నెలకు ఎవరికెంత ఖర్చగుచున్నదో, సగములో మానివేసినవా రెందఱో ఒక పట్టీ వ్రాయించి యుంచవలెను. అమ్మకమును, పెట్టుబడిని అంచనా వేయుటకు ఆ పట్టీయే ఆధారము. లెక్క వేయుటలో మేమును సాయపడెదము.